దత్తాంశాన్ని చదును చేయవచ్చు, గట్లు చెరపరాదు

క్షేత్ర ప్రయోగాల వివరాలను ఫీల్డు పుస్తకంలో చేతితో రాసుకున్న రోజుల్లో ఆ పుస్తకపు పుటే ప్రయోగ నిర్మాణాన్ని తెలిపేది. పుట పైభాగాన ప్రయోగం పేరు, పంటకాలం, నాటిన తేదీ ఉండేవి. వాటి కింద రెప్లికేషన్, దాని లోపల ప్రధాన మడి, అందులో ఉప మడి, చివరగా ఒక్కొక్క కుదురులో లెక్కించిన పిలకల సంఖ్య నమోదయ్యేవి. ఏ అంకె ఏ మడికి చెందినదో, ఆ మడి మరే మడిలో భాగమో పుటను చూసినవారికి వెంటనే బోధపడేది. నేడు ఆ పుట స్థానాన్ని టాబ్లెట్లు, మొబైల్ ఫోన్లు ఆక్రమించాయి. వివరాలు పొలం నుండి నేరుగా సర్వరుకు చేరుతున్నాయి. అక్కడి నుండి విశ్లేషణకు వచ్చేలోగా దత్తాంశం ఒక రూపం నుండి మరొక రూపానికి మారుతుంది. ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న నమోదును విప్పి, ఒకే మట్టంలో కీ-విలువ జతలుగా పరచడమే ఆ మార్పు. దీనిని దత్తాంశాన్ని చదును చేయడం అనవచ్చు.

ఈ పని సాధారణంగా ఒక విద్యార్థికో, కంప్యూటరు తెలిసిన సహాయకునికో అప్పగించబడుతుంది. ఒకటి రెండు ఆదేశాలతో ముగిసే పని కనుక దీనిని గుమాస్తా పనిగా భావించడం పరిపాటి. ఈ భావన సరైనది కాదు. ప్రయోగ యూనిట్ ఏది, దోషాన్ని దేనితో కొలవాలి, సగటును ఎన్నింటితో భాగించాలి అనే నిర్ణయాలన్నీ దత్తాంశాన్ని చదును చేసే పద్ధతిలోనే ఇమిడి ఉన్నాయి. పొలాన్ని చదును చేయడం అవసరమే. అయితే ఆ పనిలో గట్లు కూడా చెరిగిపోతే ఏ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. దత్తాంశం విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

అంచెల నిర్మాణం, చదును రూపం

క్షేత్రస్థాయి వివరాలు సేకరించే అనేక సాఫ్ట్‌వేర్‌లు సమాచారాన్ని జేసన్ రూపంలో అందిస్తాయి. 2013లో ఎక్మా-404 ప్రమాణంగాను, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8259గాను వెలువడిన ఈ రూపంలో ప్రతి విలువకూ ఒక కీ ఉంటుంది. ఆ విలువ ఒక సంఖ్య కావచ్చు, ఒక పదం కావచ్చు, మరికొన్ని కీ-విలువ జతలను తనలో ఇముడ్చుకున్న మరొక నమోదు కావచ్చు, లేదా అటువంటి నమోదుల జాబితా కావచ్చు. ఒక రైతు నమోదులో కమతాల జాబితా, ఒక్కొక్క కమతంలో పంటల జాబితా, ఒక్కొక్క పంటలో ఎరువుల జాబితా ఈ విధంగా ఎన్ని అంచెలైనా ఉండవచ్చు. వాస్తవ ప్రపంచంలోని సంబంధాలు ఇదే తీరున ఉంటాయి కనుక ఈ రూపం సహజమైనది.

గణాంక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లు మాత్రం వరుసలు, కాలమ్‌లు గల పట్టికను కోరుతాయి. అందువల్ల అంచెలను విప్పక తప్పదు. విప్పేటప్పుడు పై అంచె నుండి కింది అంచె వరకు ఉన్న కీలన్నింటినీ ఒక చుక్కతో కలిపి ఒకే పొడవైన కీగా మార్చడం సాధారణ పద్ధతి. ఉదాహరణకు రెండవ రెప్లికేషన్‌లో, మూడవ ప్రధాన మడిలో, మొదటి ఉప మడిలో, నాలుగవ కుదురుకు 17 పిలకలు ఉన్నాయనుకుందాం. చదును చేసిన రూపంలో దాని కీ «రెప్లికేషన్.2.ప్రధానమడి.3.ఉపమడి.1.కుదురు.4.పిలకలు» అవుతుంది, విలువ 17 అవుతుంది. ఈ కీ కేవలం ఒక పేరు కాదు. అది ఆ కుదురు చిరునామా. ఇంకా చెప్పాలంటే ప్రయోగ రూపకల్పన మొత్తం ఆ చిరునామాలో ఉంది. కీలోని ఏ భాగాన్ని తొలగించినా ప్రయోగ నిర్మాణంలో ఒక గట్టును తొలగించినట్లే.

ఈ సూత్రం కంప్యూటరు శాస్త్రంలోనూ కొత్తది కాదు. ఐబీఎం సంస్థలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్ 1970లో రిలేషనల్ దత్తాంశ నమూనాను ప్రతిపాదించినప్పుడు ఉద్యోగి నమోదులో అతని ఉద్యోగ చరిత్ర, దానిలో జీతాల చరిత్ర, మరొక పక్క పిల్లల వివరాలు ఇమిడి ఉన్న ఉదాహరణనే తీసుకున్నారు. దానిని ఒకే పెద్ద పట్టికగా పరచమని ఆయన సూచించలేదు. ప్రతి అంచెను ప్రత్యేక పట్టికగా విడదీసి, తల్లి పట్టికను గుర్తించే కీని పిల్ల పట్టికలోనికి తప్పనిసరిగా తీసుకుపోవాలని చూపారు. ఈ ప్రక్రియకే నార్మలైజేషన్ అని పేరు. నేడు చదును చేయడంలో జరుగుతున్న పొరపాట్లలో అధికభాగం ఈ రెండు నియమాలలో ఒకదానిని విస్మరించడం వల్ల కలుగుతున్నవే.

1925 నాటి బంగాళాదుంపల పాఠం

వ్యవసాయ పరిశోధకులకు ఈ విషయం మరింత ముందే తెలియవలసింది. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1925లో ప్రచురించిన గణాంక గ్రంథంలో బంగాళాదుంపల ప్రయోగం ఒకటి ఉంది. పశువుల ఎరువు వేసిన నేలను 36 భాగాలుగా విభజించి, 12 రకాలను ఒక్కొక్కటి మూడు భాగాలలో నాటారు. ప్రతి భాగాన్ని తిరిగి మూడు సాళ్లుగా విభజించి పొటాష్ ఎరువులలోని తేడాలను పరిశీలించారు. మొత్తం సాళ్లు 108. అయితే రకాల మధ్య తేడాను 108 సాళ్ల ఆధారంగా ఫిషర్ పరీక్షించలేదు. ఒక రకానికి కేటాయించినది భాగమే కాని సాలు కాదు. అందువల్ల రకాల పోలికకు భాగాల మధ్య దోషాన్ని, 24 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంతో వాడవలసి ఉంటుంది. ఎరువుల పోలికకు భాగం లోపలి సాళ్ల మధ్య దోషాన్ని, 48 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంతో వాడవలసి ఉంటుంది. ఒకే ప్రయోగంలో రెండు అంచెలు, రెండు దోషాలు. నేడు స్ప్లిట్ ప్లాట్ పద్ధతిగా ప్రతి పీజీ విద్యార్థి చదివే పాఠానికి ఇదే మూలం.

ఈ పాఠాన్ని పరీక్షలో చక్కగా రాసే విద్యార్థి సైతం కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు దానిని మరచిపోవడానికి కారణం ఉంది. పరీక్షలో ప్రయోగ నమూనా ప్రశ్నలోనే ఇవ్వబడుతుంది. చదును చేసిన ఫైలులో అది కనిపించదు. అక్కడ కనిపించేవి వరుసలు మాత్రమే. ప్రతి వరుసా మరొక వరుసతో సమానంగా కనిపిస్తుంది.

48 మళ్లు 240 వరుసలైనప్పుడు

ఒక సాధారణ వరి ప్రయోగాన్ని ఊహించుకుందాం. మూడు నీటి యాజమాన్య పద్ధతులు ప్రధాన మళ్లలో, నాలుగు నత్రజని మోతాదులు ఉప మళ్లలో, నాలుగు రెప్లికేషన్లు. ప్రధాన మళ్లు 12, ఉప మళ్లు 48. ప్రతి ఉప మడిలో ఐదు కుదుళ్ల చొప్పున పిలకలు లెక్కించారు. టాబ్లెట్ నుండి వచ్చిన నమోదును చదును చేయగా 240 వరుసల పట్టిక తయారయింది. అందులో రెప్లికేషన్, నీటి పద్ధతి, నత్రజని, పిలకలు అనే నాలుగు కాలమ్‌లను మాత్రమే ఉంచి, మిగిలినవి అనవసరమని తొలగించారు.

సరైన అనోవా పట్టికలో మొత్తం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 47. అందులో రెప్లికేషన్లకు 3, నీటి పద్ధతులకు 2, ప్రధాన మళ్ల దోషానికి 6, నత్రజనికి 3, రెండింటి పరస్పర ప్రభావానికి 6, ఉప మళ్ల దోషానికి 27. నీటి పద్ధతుల తేడాను 6 డిగ్రీలు గల దోషంతో పోల్చాలి. 5 శాతం స్థాయిలో ఎఫ్ విలువ 5.14 దాటితేనే ఆ తేడా నమ్మదగినది.

చదును చేసిన పట్టికను ఉన్నది ఉన్నట్లుగా సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే మొత్తం 239 అవుతుంది. రెప్లికేషన్లకు 3, పన్నెండు ట్రీట్‌మెంట్ కలయికలకు 11 పోగా దోషానికి 225 మిగులుతాయి. ఈ 225 ఎక్కడివి? ప్రధాన మళ్ల దోషం 6, ఉప మళ్ల దోషం 27, ఒకే ఉప మడిలోని కుదుళ్ల మధ్య తేడా 192 కలిసి ఏర్పడినవి. అంటే దోషంగా కనిపిస్తున్న దానిలో సుమారు 85 శాతం డిగ్రీలు పక్కపక్క కుదుళ్ల మధ్య తేడాకు సంబంధించినవి. ఆ కుదుళ్లన్నింటికీ ఒకే నీరు, ఒకే మోతాదు అందాయి. వాటి మధ్య తేడా నీటి పద్ధతి గురించి ఏమీ చెప్పదు. అయినా ఎఫ్ పరీక్ష అవధి 5.14 నుండి సుమారు 3.04కు పడిపోతుంది. నిజమైన మడి-మడి తేడాను పోల్చవలసిన హారంలో కుదురు-కుదురు తేడా వచ్చి చేరుతుంది. లేని తేడా ఉన్నట్లుగా తేలే అవకాశం బాగా పెరుగుతుంది.

స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ పొరపాటుకు సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టారు. ఆయన పరిశీలించిన 176 జీవావరణ ప్రయోగాలలో 27 శాతంలో ఈ లోపం ఉంది. గణాంక పరీక్షలు ఉపయోగించిన వాటిని మాత్రమే లెక్కిస్తే అది 48 శాతం. ఆనాటికి జేసన్ లేదు, టాబ్లెట్ లేదు. కనుక ఈ దోషాన్ని సాంకేతికతపై మోపడం న్యాయం కాదు. అయితే చేతితో రాసుకున్న పుటలో కనీసం కంటికి కనిపించిన అంచెలను నేటి ఫైలు దాచివేస్తున్నదనేది మాత్రం నిజం. పాత పొరపాటుకు కొత్త మార్గం సులభమైంది.

మడి సంఖ్య కూడా సందిగ్ధానికి తావిస్తుంది. ప్రతి రెప్లికేషన్‌లోనూ ప్రధాన మళ్లకు 1, 2, 3 అని సంఖ్యలు వేయడం ఆనవాయితీ. అంచెల రూపంలో దీనివల్ల ఇబ్బంది లేదు. రెండవ రెప్లికేషన్ లోపల ఉన్న 1వ మడి మొదటి రెప్లికేషన్‌లోని 1వ మడి కాదని నిర్మాణమే చెబుతుంది. చదును చేసిన తరువాత «ప్రధానమడి» కాలమ్‌లో మిగిలేవి 1, 2, 3 అనే మూడు సంఖ్యలే. విశ్లేషకుడు జాగ్రత్త వహించకపోతే సాఫ్ట్‌వేర్ 12 మళ్లను మూడు మళ్లుగా భావిస్తుంది. అందుచేత ప్రతి మడికీ పూర్తి చిరునామాతో కూడిన విశిష్ట గుర్తింపు ఉండాలి.

జాబితాల వద్ద జాగ్రత్త

చదును చేయడంలో అసలు చిక్కు జాబితాల వద్ద వస్తుంది. జాబితాలోని అంశాలకు పేర్లు ఉండవు, స్థానాలు మాత్రమే ఉంటాయి. అనేక ప్రోగ్రామింగ్ భాషలలో ఆ స్థానాల లెక్క సున్నా నుండి మొదలవుతుంది. కనుక కీలో కనిపించే 3 అనే అంకె పొలంలోని నాలుగవ మడిని సూచిస్తుంది. ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. వరద వల్ల రెండవ మడి దెబ్బతిన్నదనుకుందాం. నమోదు చేసేవారు దానిని జాబితాలో చేర్చలేదు. అప్పుడు మూడవ మడి రెండవ స్థానంలోకి, నాలుగవది మూడవ స్థానంలోకి జరుగుతాయి. చదును చేసిన పట్టికలో ఒక మోతాదు దిగుబడి మరొక మోతాదు పేరు మీద చేరుతుంది. ఏ హెచ్చరికా రాదు. మడి సంఖ్యను జాబితాలో స్థానంగా కాక, నమోదు లోపల ఒక స్పష్టమైన విలువగా ఉంచడం దీనికి నివారణ.

ఖాళీ జాబితాల సమస్య విస్తరణ శాస్త్రవేత్తలకు మరింత సన్నిహితమైనది. ఒక గ్రామంలో 20 వరి పొలాలలో కాండం తొలుచు పురుగు ఉధృతిని పరిశీలించారనుకుందాం. ఎనిమిది పొలాలలో చచ్చిన మొవ్వులు కనిపించాయి, వాటి సగటు 6 శాతం. మిగిలిన పన్నెండింటిలో ఏమీ కనిపించలేదు. కనుక ఆ పొలాల నమోదులలో పురుగుల జాబితా ఖాళీగా ఉంది. పైథాన్ భాషలోని పాండాస్ గ్రంథాలయంలో జేసన్ నార్మలైజ్ అనే ఆదేశాన్ని పురుగుల జాబితాపై ప్రయోగిస్తే ఖాళీ జాబితా ఉన్న పొలాలకు ఒక్క వరుస కూడా ఏర్పడదు. పన్నెండు పొలాలు మాయమవుతాయి. గ్రామ సగటు 2.4 శాతం కావలసింది 6 శాతంగా తేలుతుంది. పిలకల దశలో 5 శాతం చచ్చిన మొవ్వులను ఆర్థిక నష్ట పరిమితిగా భావిస్తారు కనుక, అవసరం లేని పొలాలకు కూడా మందు పిచికారీ చేయమనే సలహా వెలువడవచ్చు. ఆ ఖర్చు భరించేది రైతు. అదే గ్రంథాలయంలోని ఎక్స్‌ప్లోడ్ అనే ఆదేశం ఖాళీ జాబితాకు విలువ లేని ఒక వరుసను మిగులుస్తుంది. ఒకే దత్తాంశం, ఒకే గ్రంథాలయం, రెండు ఆదేశాలు, రెండు ఫలితాలు. వీటిలో ఏది వాడారో తుది నివేదికలో ఎవరూ రాయరు.

చూసినా కనిపించలేదు, అసలు చూడలేదు అనే రెండూ వేర్వేరు విషయాలు. మొదటిదానికి సున్నా, రెండవదానికి ఖాళీ. ఈ తేడాను చదును చేసే యంత్రం నిర్ణయించరాదు. ప్రశ్నావళి తయారుచేసే దశలోనే శాస్త్రవేత్త నిర్ణయించాలి.

సర్వేలో ఒకే కుటుంబం పలుమార్లు

కమతాల వివరాలను చదును చేసేటప్పుడు కుటుంబ స్థాయి విలువలు ప్రతి కమతం వరుసలోనూ పునరావృతమవుతాయి. ఒక కుటుంబానికి ఒకే కమతం, వార్షిక ఆదాయం 1 లక్ష. మరొక కుటుంబానికి నాలుగు కమతాలు, ఆదాయం 4 లక్షలు. నిజమైన సగటు 2.5 లక్షలు. చదును చేసిన ఐదు వరుసల సగటు 3.4 లక్షలు. కమతాలు ఎక్కువ ఉన్న కుటుంబం నాలుగు ఓట్లు వేసినట్లయింది. చిన్న, సన్నకారు రైతుల పరిస్థితి వాస్తవం కంటే మెరుగ్గా కనిపించడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

కమతాల జాబితా, పశువుల జాబితా వంటి రెండు సమాంతర జాబితాలను ఒకే పట్టికలోనికి విప్పినప్పుడు మరింత గందరగోళం ఏర్పడుతుంది. మూడు కమతాలు, రెండు పశువులు ఉన్న కుటుంబానికి ఆరు వరుసలు ఏర్పడతాయి. మొత్తం విస్తీర్ణం రెండింతలు, పశువుల సంఖ్య మూడింతలు అవుతుంది. కమతానికీ పశువుకూ ఏ సంబంధమూ లేకపోయినా పట్టిక సంబంధం కల్పిస్తుంది.

దీనికి తోడు రైతు పేరు, ఫోను నంబరు కూడా ప్రతి వరుసలోనూ చేరతాయి. అటువంటి ఫైలు ఈ-మెయిళ్లలో, పెన్ డ్రైవులలో తిరుగుతుంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చిన తరువాత ఇది నైతిక బాధ్యత మాత్రమే కాదు.

చిన్నవిగా కనిపించే చిక్కులు

అంచెలను కలిపే గుర్తు కూడా ఆలోచించి ఎంచుకోవలసినదే. చుక్కతో కలిపినప్పుడు, 0.2 శాతం జింకు సల్ఫేటు వంటి ట్రీట్‌మెంట్ పేరులోని చుక్క కూడా అంచెను సూచించే చుక్కగా కనిపిస్తుంది. తిరిగి అంచెలుగా మార్చబోతే 0 ఒక అంచె, 2 మరొక అంచె అవుతాయి. 2013లో వెలువడిన జేసన్ పాయింటర్ ప్రమాణం ఈ చిక్కును ముందే ఊహించింది. అంచెల మధ్య ఏటవాలు గీతను వాడి, కీలోనే ఆ గీత ఉంటే దానికి బదులు ఏ గుర్తులు రాయాలో నిర్దేశించింది. అంత దూరం పోకపోయినా, పేర్లలో ఎక్కడా రాని గుర్తును ఎంచుకొని దానిని నమోదు చేసి ఉంచడం కనీస బాధ్యత.

చదును చేసిన ఫైలును ఎక్సెల్‌లో తెరిచినప్పుడు 3-2 అని రాసిన మడి గుర్తింపు తేదీగా మారిపోవచ్చు. ఇది అతిశయోక్తి కాదు. మానవ జన్యువుల పేర్లు కొన్ని ఇదే విధంగా తేదీలుగా మారుతుండటంతో 2020 నాటికి ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది. ప్రయోగం మొత్తాన్ని ఒకే వరుసగా పరచడం కూడా మంచిది కాదు. పైన చెప్పిన 240 కుదుళ్లకు మూడేసి లక్షణాలు కొలిస్తే 720 కీలు ఏర్పడతాయి. పాత ఎక్సెల్ రూపంలో ఒక షీటుకు 256 కాలమ్‌లు మాత్రమే ఉండేవి.

ప్రత్యామ్నాయం: అంచెకొక పట్టిక

హాడ్లీ విక్‌హామ్ 2014లో ప్రతిపాదించిన టైడీ డేటా సూత్రాలను నేటి విద్యార్థులు తరచుగా ఉదహరిస్తారు. ప్రతి లక్షణం ఒక కాలమ్, ప్రతి పరిశీలన ఒక వరుస అనే మొదటి రెండు సూత్రాలు అందరికీ గుర్తుంటాయి. పరిశీలన యూనిట్ రకానికి ఒక పట్టిక ఉండాలనే మూడవ సూత్రాన్ని ఎక్కువమంది విడిచిపెడతారు. ఈ చర్చకు కీలకమైనది ఆ మూడవదే.

వరి ప్రయోగానికి దీనిని అన్వయిస్తే, 12 వరుసల ప్రధాన మళ్ల పట్టికలో నీటి పద్ధతి ఉంటుంది. 48 వరుసల ఉప మళ్ల పట్టికలో నత్రజని మోతాదు, దిగుబడి ఉంటాయి. 240 వరుసల కుదుళ్ల పట్టికలో పిలకల సంఖ్య ఉంటుంది. ప్రతి పట్టికలోనూ తన గుర్తింపు, తన తల్లి యూనిట్ గుర్తింపు తప్పనిసరి. ఏ లక్షణం ఏ అంచెకు చెందినదో పట్టికే చెబుతుంది. ప్రయోగ యూనిట్లు ఎన్నో వరుసల సంఖ్యే చెబుతుంది.

క్షేత్ర సర్వేలలో విస్తృతంగా వాడే ఓడీకే ఇప్పటికే ఈ మార్గాన్నే అనుసరిస్తుంది. పునరావృత ప్రశ్నల సమాధానాలను వేరు ఫైలుగా ఇచ్చి, ప్రతి వరుసకు ఒక కీ, ఒక తల్లి కీ చేరుస్తుంది. కోబో టూల్‌బాక్స్ ఎక్సెల్ ఫైలులో వేర్వేరు షీట్లుగా ఇచ్చి తల్లి వరుస సూచికను జతచేస్తుంది. ఈ కాలమ్‌ల పేర్లు వింతగా ఉన్నాయని, అవసరం లేదని మొదటే తొలగించడం విద్యార్థులలో తరచుగా కనిపించే అలవాటు. తొలగిస్తున్నది గట్టునేనని వారికి చెప్పవలసి ఉంది.

రెండు ఆక్షేపణలు

ఈ వాదనపై రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, మిశ్రమ నమూనాలు అందుబాటులో ఉండగా 240 వరుసల ఒకే పట్టికతో కూడా సరైన విశ్లేషణ చేయవచ్చు కదా అనేది. ఇది వాస్తవం. రెప్లికేషన్, ప్రధాన మడి, ఉప మడి గుర్తింపులు పట్టికలో ఉండి, వాటిని నమూనాలో యాదృచ్ఛిక అంశాలుగా చేర్చితే ఫలితం సరిగానే వస్తుంది. ఈ ఆక్షేపణ వాదనను బలపరుస్తుందే కాని ఖండించదు. తప్పు చదునులో లేదు, గుర్తింపులు పోగొట్టుకోవడంలో ఉంది. గుర్తింపులు లేని ఫైలుకు ఏ నమూనా సహాయపడలేదు. పైగా అన్ని మళ్లలో సమాన సంఖ్యలో కుదుళ్లను పరిశీలించిన ప్రయోగంలో ఉప మడికి ఒక సగటు చొప్పున 48 విలువలు తీసుకొని స్ప్లిట్ ప్లాట్ అనోవా చేసినా ట్రీట్‌మెంట్లకు అవే ఎఫ్ విలువలు వస్తాయి.

రెండవది, పని ఒత్తిడిలో ఉన్న విస్తరణ సిబ్బందికి ఇంతటి జాగ్రత్త సాధ్యమా అనేది. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకే శాస్త్రవేత్త ప్రదర్శనలు, శిక్షణలు, నివేదికలు అన్నీ చూసుకోవలసి ఉంటుంది. అయితే ఇక్కడ అడుగుతున్నది అదనపు శ్రమ కాదు, శ్రమకు సరైన క్రమం. ప్రశ్నావళి రూపొందించేటప్పుడు గుర్తింపులకు కేటాయించే అరగంట, విశ్లేషణ దశలో ఏ వరుస ఎవరిదో వెతుక్కునే రోజులను తప్పిస్తుంది.

చేయవలసినవి

మొదటగా, సర్వరు నుండి వచ్చిన మూల నమోదును మార్చకుండా భద్రపరచాలి. చదును చేసిన ఫైలు దాని నుండి ఎప్పుడైనా తిరిగి తయారు చేసుకోదగినదే కాని దానికి ప్రత్యామ్నాయం కాదు.

రెండవదిగా, చదును చేసిన వెంటనే లెక్క సరిచూడాలి. ఎన్ని ప్రధాన మళ్లు, ఎన్ని ఉప మళ్లు, ఎన్ని కుదుళ్లు ఉండాలో ప్రయోగ నమూనాయే చెబుతుంది. పట్టికలోని వరుసలు, విశిష్ట గుర్తింపుల సంఖ్య దానితో సరిపోవాలి. చదును చేసిన దానిని తిరిగి అంచెలుగా మార్చి మూలంతో పోల్చడం ఇంకా మంచి పరీక్ష. తిరిగి మూలరూపానికి రాని చదునులో ఏదో పోయిందని అర్థం.

మూడవదిగా, పీజీ స్థాయి గణాంక ప్రయోగశాలలో విద్యార్థులకు సిద్ధమైన పట్టికలు ఇవ్వడం మానాలి. అంచెలు గల మూల ఫైలును, ప్రయోగ పటాన్ని ఇచ్చి, ఏ అంచె ఏ దోషానికి సంబంధించినదో వారే గుర్తించి, తగిన పట్టికలు తయారు చేసేటట్లు చూడాలి. ప్రోగ్రామింగ్, ప్రయోగ రూపకల్పన రెండు వేర్వేరు కోర్సులుగా ఉన్నంతకాలం ఈ రెండింటి నడుమ జరిగే పొరపాటుకు ఎవరూ బాధ్యులు కారు.

నాలుగవదిగా, పరిశోధన పత్రికలు, పరిశోధన సలహా సంఘాలు ప్రతి వ్యాసంలో ప్రయోగ యూనిట్ల సంఖ్యను, ప్రతి ఎఫ్ విలువకు ఉపయోగించిన దోషపు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంను విధిగా కోరాలి. 48 మళ్ల ప్రయోగంలో 225 అనే అంకె కనిపిస్తే సమీక్షకుడు ఒక్క చూపులోనే ప్రశ్నించగలుగుతాడు.

నీటి పద్ధతి మార్చుకొమ్మని చెప్పే సిఫారసు ఒకసారి వెలువడిన తరువాత అది సదస్సులకు, కరపత్రాలకు, వార్షిక పంచాంగానికి చేరి చివరకు రైతు పొలానికి చేరుతుంది. అక్కడ ఆ సిఫారసు నిలిచినా, విఫలమైనా ఏ ఫైలులో ఏ కాలమ్ తొలగించబడిందో వెతికేవారు ఉండరు. కనుక వెతకవలసిన చోటు ఆ ఫైలే, వెతకవలసిన సమయం దానిని చదును చేసే సమయమే.